వసంతానికి ముందు లాన్‌మోవర్: ఇంట్లోనే సర్వీసా, మెకానిక్కా, కొత్త మిషనా?

చలికాలమంతా షెడ్డులో మూలన పడి ఉన్న మోవర్‌ని బయటికి తెచ్చి తాడు లాగితే అది పలకదు. ఇంకోసారి లాగుతాం, మళ్లీ లాగుతాం. భుజం పట్టేశాక ఆలోచనలు వరసగా వస్తాయి. మనమే విప్పి చూద్దామా? మెకానిక్ దగ్గర పడేద్దామా? దీన్ని వదిలించుకుని బ్యాటరీది కొనేద్దామా?

ఈ నిర్ణయాన్ని చాలామంది మిషన్ వయసును బట్టి తీసుకుంటారు. వయసుకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: పోయిన సీజన్‌లో చివరి కోత అయ్యాక ట్యాంకులో మిగిలిన పెట్రోల్‌ని ఏం చేశారు? ట్యాంకు ఖాళీ చేసి, బ్లేడు కింద గడ్డి గీకి పెట్టిన పదేళ్ల మిషన్ రెండు మూడు లాగులకే అందుకుంటుంది. సగం ట్యాంకు పెట్రోల్‌తో అలాగే వదిలేస్తే రెండేళ్ల మిషన్ కూడా మొరాయిస్తుంది. కొత్తది కొనాలన్న కోరిక పుట్టించే "చెడిపోయిన" మోవర్లలో చాలావాటికి అసలు జబ్బు పాత పెట్రోలే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తేముందు అది తేల్చుకోవడం మంచిది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నిల్వ సంగతి మొదటిది. పెట్రోల్ ఖాళీ చేశారా, స్టెబిలైజర్ (పెట్రోల్ చెడకుండా ఆపే ద్రవం) కలిపారా, ఏమీ చేయలేదా? మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

రెండోది మిషన్ రకం. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిల్ విడిగా పోస్తాం, మార్చాలి. టూ-స్ట్రోక్‌కి ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలుపుతాం కాబట్టి ఆయిల్ మార్చే పని లేదు. కాకపోతే మాన్యువల్‌లో ఇచ్చిన పాళ్లు (50:1 అనో 32:1 అనో ఉంటుంది) తప్పకూడదు. బ్యాటరీ మిషన్‌కి ఈ రెండు గొడవలూ లేవు.

మూడోది మీ లాన్ ఎంత పెద్దది, ఎంత చదునుగా ఉంది అన్నది. నాలుగోది మీ దగ్గరున్న సామాను, ఓపిక. సాకెట్ పానాలు, ప్లగ్ విప్పే పానా, ఆకురాయి, గాలి ఆడే చోటు, ఒక పూట తీరిక, ఇవి ఉంటే చాలు. అయిదోది కాలం. గడ్డి పెరగడం మొదలయ్యాక మెకానిక్ దగ్గరికి వెళ్తే మీ ముందు బోలెడు మిషన్లు వరసలో ఉంటాయి. ఇదే సర్వీసును చలికాలం ఆఖర్లో అడిగితే వెంటనే అవుతుంది.

## ఎంచుకునేముందు ఒక చిన్న పరీక్ష

ఏ దారి పట్టినా ఈ పరీక్ష వృథా పోదు. ముందుగా స్పార్క్ ప్లగ్ మీది వైరు టోపీని లాగి, మళ్లీ తగలకుండా పక్కకి కట్టేయండి. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టే ప్రతి పనికీ ఇది మొదటి మెట్టు. బ్లేడుని చేత్తో తిప్పితే ఇంజనూ తిరుగుతుంది, వైరు తగిలించి ఉంటే అది అంటుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ, తాళంచెవి రెండూ తీసేయండి. కరెంటు వైరుతో నడిచేదైతే ప్లగ్గు పీకేయండి.

ఇప్పుడు హ్యాండిల్ మీది కడ్డీని నొక్కిపట్టి తాడు నెమ్మదిగా లాగండి. కడ్డీ నొక్కకపోతే బ్రేకు పట్టే ఉంటుంది. తాడు రాకపోయేసరికి ఇంజన్ బిగుసుకుపోయిందని కంగారుపడేవాళ్లలో కొందరి విషయం ఇంతే. లాగుతుంటే మధ్యమధ్య చేతికి ఎదురు తగలాలి, తగిలితే కంప్రెషన్ (ఇంజన్ లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) ఉన్నట్టు. ఎదురే లేకుండా తేలిగ్గా వచ్చేస్తే వాల్వులో, పిస్టన్ రింగుల్లో తేడా ఉండొచ్చు. కడ్డీ నొక్కినా అసలు కదలకపోతే ఇంజన్ పట్టేసింది.

తర్వాత ఆయిల్ పుల్ల తీసి చూడండి. నల్లగా ఉంటే మార్చే వేళయింది, అంతే. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. ట్యాంకు మూత తీసి వాసన చూడండి. తాజా పెట్రోల్ ఘాటు పోయి పాత రంగుడబ్బా తెరిచినట్టు పుల్లటి వాసన వస్తుంటే ఆ పెట్రోల్ పనికిరాదు.

చివరగా, చేతికి తొడుగు వేసుకుని, బ్లేడు ఒక కొన నుంచి డెక్ (బ్లేడుని పైనుంచి కప్పి ఉండే రేకు) అంచుకి ఎంత దూరముందో ఒకచోట కొలవండి. బ్లేడుని సగం చుట్టు తిప్పి రెండో కొనను అదే చోట కొలవండి. రెండు కొలతలకీ చెప్పుకోదగ్గ తేడా ఉంటే బ్లేడు వంగింది, లేదా అంతకన్నా పెద్ద దెబ్బగా క్రాంక్‌షాఫ్ట్ (బ్లేడుని తిప్పే ఇంజన్ ఇరుసు) వంగింది. వంగిన షాఫ్ట్ ఉన్న మిషన్ మీద ఇంకే ఖర్చూ పెట్టకండి. డెక్ రేకు తుప్పుపట్టి చిల్లులు పడినా అదే మాట.

## ఒక్క చూపులో

| దారి | మీ శ్రమ | మిషన్ చేతికి వచ్చేది | ఎప్పుడు నప్పుతుంది | లోటు |
|---|---|---|---|---|
| ఇంట్లోనే పూర్తి సర్వీసు | ఒక పూట | అదే రోజు | కంప్రెషన్ ఉంది, జబ్బు పెట్రోల్‌దో బ్లేడుదో | బ్లేడు, కార్బ్యురేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కి అందించే భాగం) పనికి ఓపిక కావాలి |
| మెకానిక్‌కి పూర్తిగా | తీసుకెళ్లి తేవడం | రద్దీని బట్టి | ఇంజన్ లోపలి జబ్బు, వారంటీ ఉన్న మిషన్ | సీజన్ మొదట్లో ఎదురుచూపు |
| సగం ఇంట్లో, సగం బయట | గంట, రెండు గంటలు | అదే రోజు, లేదా బ్లేడు వచ్చాక | ఎక్కువమందికి | రెండో బ్లేడు ఉంటేనే పూర్తి లాభం |
| బ్యాటరీ మిషన్‌కి మారడం | దాదాపు లేదు | కొన్నరోజే | చిన్న, మధ్యరకం లాన్. పాతది నిజంగా పోయినప్పుడు | బ్యాటరీ వయసు, ఒకే కంపెనీకి కట్టుబడటం |
| ఇంజన్ లేకుండా చేత్తో తోసే రీల్ మోవర్ | ప్రతి కోతకీ ఒళ్లు వంచాలి | వెంటనే | చిన్న, చదునైన, తరచూ కోసే లాన్ | ఎత్తు గడ్డి, పుల్లలు తగిలితే ఆగిపోతుంది |

## ఇంట్లోనే పూర్తి సర్వీసు

వరస తప్పకుండా చేస్తే ఇది కష్టమైన పని కాదు. ముందు పెట్రోల్, తర్వాత ఆయిల్, ఆ తర్వాత బ్లేడు, ఫిల్టరు, ప్లగ్. ట్యాంకు నిండుగా ఉండగా మిషన్‌ని పక్కకి వంచితే పెట్రోల్ నేలపాలవుతుంది, అందుకే పెట్రోల్‌తో మొదలు. వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టరు, కార్బ్యురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి. కిందికి పెడితే ఆయిల్ ఫిల్టరులోకి దిగి, ఫిల్టరు పాడై, స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ కమ్మేస్తుంది.

పెట్రోల్. నిల్వ ఉంచిన పెట్రోల్ నెల తిరిగేసరికి చెడటం మొదలుపెడుతుంది. త్వరగా ఆవిరయ్యే భాగం పోతుంది, ఇంజన్ అంటుకోవడానికి పనికొచ్చేది ముఖ్యంగా అదే. మిగిలింది చిక్కబడి జిగురులా పేరుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వెళ్లే ప్రధాన జెట్ రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నం. అందులో జిగురు చుక్క అడ్డుపడితే చాలు, ఇంజన్ ఒక్క క్షణం పలికి ఆగిపోతుంది. మీ మిషన్ ఇలా పలికి ఆగిపోతుంటే జబ్బు దాదాపు తెలిసినట్టే.

ఇక్కడ రెండు మార్గాలు. శరదృతువులో తాజా పెట్రోల్‌కి స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటర్ దాకా చేరేలా కాసేపు ఇంజన్ నడిపి పెట్టినవాళ్లు ఆ పెట్రోల్‌నే వాడుకోవచ్చు. మిగతావాళ్లు మొత్తం తీసేయాల్సిందే. పాతదానిమీద కొత్తది పోసి సర్దుకుందాం అనుకోవద్దు. ఇప్పుడు స్టెబిలైజర్ కలిపితే పాతది బాగవుతుందన్న ఆశ కూడా వద్దు. చెడకుండా ఆపడమే దాని పని, చెడినదాన్ని తిరిగి తేలేదు. కొత్తగా పోసే పెట్రోల్‌లో ఇథనాల్ 10 శాతం దాటకూడదని ఎక్కువ మాన్యువల్స్ చెబుతాయి. కార్లకి అమ్మే ఎక్కువ ఇథనాల్ రకాలు వీటికి పనికిరావు.

ట్యాంకుతో పాటు కార్బ్యురేటర్ అడుగు గిన్నెను కూడా ఖాళీ చేయాలి. చాలా మోడళ్లలో గిన్నెను పట్టి ఉంచే బోల్టు ఒక్కటి విప్పితే అది చేతిలోకి వస్తుంది. కొన్నింటిలో ఆ బోల్టుకే జెట్ రంధ్రం ఉంటుంది. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, నైలాన్ పోగుతో రంధ్రం తుడవండి. ఇనప సూది దూర్చి గట్టిగా కెలికితే రంధ్రం పెద్దదై, ఇంజన్‌కి పెట్రోల్ మోతాదు తప్పుతుంది. తీసిన పాత పెట్రోల్‌నీ పాత ఆయిల్‌నీ కాలవలోనో మట్టిలోనో పోయకండి. ప్రమాదకర వ్యర్థాలు సేకరించే చోట ఇవ్వాలి.

ఆయిల్. వెచ్చటి వాతావరణానికి ఎస్‌ఏఈ 30, చలి-ఎండ మారుతుండే చోట 10డబ్ల్యూ-30, ఇవి ఎక్కువగా వాడే రకాలు. చేత్తో తోసే మిషన్లలో సాధారణంగా అర లీటరు అటూఇటూగా పడుతుంది. 50 గంటల పనికోసారి, లేదా సీజన్‌కోసారి మార్చడం చాలా కంపెనీల సలహా. వేడిగా ఉన్న ఆయిల్ మురికితో సహా బాగా దిగుతుంది. ఇంజన్ స్టార్ట్ కాకపోతే వేడి చేసే వీలుండదు కాబట్టి కాస్త ఎక్కువసేపు కారనివ్వండి. కొత్తది పోసేటప్పుడు చెయ్యి ఆపడం ముఖ్యం, ఎక్కువైనా పొగే. ఇంకో చిక్కు: కొన్ని ఇంజన్లలో ఆయిల్ పుల్లను మరలు బిగించి కొలవాలి, కొన్నింటిలో ఊరికే ఆనించి కొలవాలి. ఈ తేడాకే మట్టం మారిపోతుంది, ఆ ఒక్క పేజీ మాన్యువల్‌లో చూసుకోండి.

బ్లేడు. ఇంజన్ స్టార్ట్ అయితే చాలు, సర్వీసు అయిపోయినట్టే అనుకుంటారు. లాన్ దృష్టితో చూస్తే అసలు పని ఇక్కడే ఉంది. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీల్చి తెంపుతుంది. రెండు రోజుల్లో కొనలు తెల్లబారి, లాన్ అంతా ఎండిన రంగుకి తిరుగుతుంది. అప్పుడు ఎరువు చాల్లేదనో నీళ్లు చాల్లేదనో అనుకుంటాం.

విప్పేముందు బ్లేడు నేలవైపు ముఖం మీద సుద్దతో గుర్తు పెట్టండి. బ్లేడు కదలకుండా డెక్‌కీ దానికీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి బోల్టు వదులు చేయండి. ఎక్కువ మిషన్లలో ఎడమకి తిప్పితే వదులవుతుంది. పదును ఉండాల్సింది కొనల దగ్గరి కొద్ది భాగానికే. మొదట ఉన్న వాలునే, సుమారు 30 డిగ్రీలు, అనుసరిస్తూ ఆకురాయితో ఒకే దిశలో రాయండి. చెయ్యి తెగేంత పదును అక్కర్లేదు. మరీ పల్చగా సాన పడితే మొదటి రాయి తగలగానే అంచు మడతపడుతుంది. గ్రైండర్ వాడేవాళ్లు ఇనుము నీలిరంగుకి తిరగకుండా చూసుకోవాలి. నీలం తిరిగిందంటే ఆ చోట గట్టిదనం పోయింది, పదును నిలవదు.

సాన పట్టాక తూకం చూడటం మర్చిపోతారు. గోడకి కొట్టిన మేకుకి బ్లేడు మధ్య రంధ్రాన్ని తగిలించండి. ఒకవైపు వాలితే ఆ వైపు బరువెక్కువ, అటు ఇంకొంచెం రాయాలి. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర తిరిగే ఇనుపబద్ద ఇది. కొద్ది తేడా ఉన్నా హ్యాండిల్ వణుకుతుంది, బేరింగులు అరుగుతాయి. తిరిగి బిగించేటప్పుడు రెక్కల్లా పైకి వంగిన అంచులు డెక్ వైపుకి ఉండాలి, సుద్ద గుర్తు నేలవైపుకి. తలకిందులుగా బిగిస్తే మిషన్ బ్రహ్మాండంగా మోగుతుంది, గడ్డి మాత్రం అలాగే ఉంటుంది. బోల్టుని మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి, ఇందులో అంచనా పనికిరాదు.

డెక్ కింద గట్టిపడిన గడ్డిని ఇదే అదనుగా చెక్కతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో తీసేయండి. గడ్డిని నిలబెట్టి బ్లేడుకి అందించేది కింద తిరిగే గాలే, దానికి చోటుండాలి. ఇంజన్ మీద మాత్రం నీళ్లు కొట్టకండి.

ఫిల్టరు, ప్లగ్. ఈ రెండూ పది నిమిషాల పని. ఏది శుభ్రం చేయాలో ఏది మార్చాలో కింద పట్టికలో ఉంది. ప్లగ్‌ని ఎప్పుడూ చేత్తో తిప్పి మరలు పట్టాకే పానా వాడండి. మరలు అడ్డదిడ్డంగా పడితే అల్యూమినియం హెడ్ పాడవుతుంది, చవకలో పోయే పని కాస్తా పెద్ద రిపేరవుతుంది.

| భాగం | శుభ్రం చేస్తే చాలు | మార్చాల్సిందే |
|---|---|---|
| కాగితం ఎయిర్ ఫిల్టరు | దుమ్ము పైపైన ఉంటే నెమ్మదిగా తట్టి వాడొచ్చు. కడగకూడదు | వెలుతురుకి పెడితే కాంతి కనపడకపోతే, నూనె తడిసి ఉంటే |
| స్పాంజి ఫిల్టరు | సబ్బునీళ్లతో కడిగి, ఆరాక కొద్దిగా ఆయిల్ రాసి పిండాలి | చిరిగితే, పొడిపొడిగా రాలుతుంటే |
| స్పార్క్ ప్లగ్ | లేత గోధుమరంగు, పొడిగా ఉంటే మొనల మధ్య ఖాళీ సరిచూస్తే చాలు (చాలా ఇంజన్లకి 0.76 మి.మీ.) | పింగాణీ పగిలితే, మొన అరిగితే, అనుమానముంటే కొత్తది వేయడమే మేలు |
| బ్లేడు | అంచు మొద్దుబారితే, చిన్న నొక్కులుంటే | వంగితే, బీటలుంటే, రెక్క దగ్గర రేకు పల్చబడితే |
| పెట్రోల్ గొట్టం | పైన మట్టి ఉంటే తుడవాలి | గట్టిపడితే, పగుళ్లుంటే |
| స్టార్ట్ తాడు | — | పోగులు లేస్తే. తెగేదాకా ఆగితే స్ప్రింగు లోపలికి లాగేసుకుంటుంది |

అన్నీ బిగించాక బయట, ఆరుబయలు చోటే స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. ఇంజన్ అందుకున్నాక కడ్డీ వదిలి చూడండి. అమెరికాలో 1982 నుంచి అమల్లో ఉన్న భద్రతా నియమం ప్రకారం చేత్తో తోసే రోటరీ (డెక్ కింద బ్లేడు గిర్రున తిరిగే) మిషన్లలో కడ్డీ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలి. ఎక్కడివారికైనా ఈ కొలత పనికొస్తుంది. ఆగడం లేదంటే బ్రేకో కేబులో సరిచేసేదాకా ఆ మిషన్‌తో కోయకండి.

## మెకానిక్ దగ్గరికే వెళ్లాల్సినప్పుడు

కంప్రెషన్ లేకపోవడం, ఇంజన్ పట్టేయడం, ఎక్కడి నుంచి కారుతుందో తెలియని పెట్రోల్, తనంతట తను నడిచే మిషన్‌లో చక్రాలకి శక్తి అందకపోవడం, ఇవి ఇంట్లో పెట్టుకోకపోవడమే మేలు. ఇంకోటి, రాయినో చెట్టు వేరునో గట్టిగా కొట్టుకుని ఆగిపోయాక స్టార్ట్ కాని మిషన్, లేదా తాడు లాగితే వెనక్కి గుంజే మిషన్. ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని (ఫ్లైవీల్‌ని) షాఫ్ట్‌తో కలిపే చిన్న కీ తెగి, నిప్పురవ్వ పడాల్సిన వేళ తప్పిందేమో. ఆ కీ ధర ఏమీ ఉండదు. ఫ్లైవీల్ విప్పడానికి మాత్రం దానికి తగిన పనిముట్టు కావాలి.

వారంటీలో ఉన్న మిషన్‌ని మీరు లోతుగా విప్పకండి.

మెకానిక్‌తో లాభం సమయం కన్నా కన్ను. కేబులు అరుగుదల, వదులైన డెక్ బోల్టు లాంటివి అలవాటున్న మనిషికి వెంటనే కనపడతాయి. నష్టం ఏమిటంటే, "పూర్తి సర్వీసు" అన్న మాటకి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. బ్లేడు తూకం చూస్తారా? కార్బ్యురేటర్ గిన్నె విప్పుతారా, పై నుంచి స్ప్రే కొట్టి వదిలేస్తారా? ఇవి ముందే అడగండి, మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వమనండి. మీవైపు నుంచి "స్టార్ట్ అవ్వట్లేదు" అని ఊరుకోకుండా "పలికి వెంటనే ఆగిపోతోంది", "చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) వేసి ఉంచితేనే నడుస్తోంది" అని చెబితే అతని పని సగం తగ్గుతుంది. చోక్ మీదే నడిచే మిషన్‌కి జెట్‌లో అడ్డు ఉందని మీరే చెప్పినట్టవుతుంది.

## సగం ఇంట్లో, సగం బయట

ఎక్కువమందికి నా ఓటు దీనికే. పెట్రోల్, ఆయిల్, ఫిల్టరు, ప్లగ్ ఇంట్లో మీరే చూసుకోండి. బ్లేడు ఒక్కటి విప్పి సాన పట్టేవాళ్లకి ఇవ్వండి. మిషన్ మొత్తాన్ని మోసుకెళ్లే బాధ ఉండదు, ఆకురాయితో కుస్తీ ఉండదు, తూకం వాళ్లే చూస్తారు. దీనికి తోడు ఒక రెండో బ్లేడు కొనిపెట్టుకుంటే ఒకటి సానకి వెళ్లినప్పుడు ఇంకోటి పనిలో ఉంటుంది. 20–25 గంటల కోతకోసారి పదును పెట్టాలంటారు. సీజన్ మధ్యలో ఆ పని వాయిదా పడటానికి అసలు కారణం మిషన్ ఆగిపోతుందన్న భయమే, రెండో బ్లేడుతో అది పోతుంది.

కార్బ్యురేటర్ విప్పే ధైర్యం లేనివాళ్లకి మధ్యేమార్గం ఒకటుంది. కొన్ని మోడళ్లకి కార్బ్యురేటర్ మొత్తంగా కొత్తది దొరుకుతుంది, రెండు బోల్టులు, ఒక గొట్టం, ఒక లింకు మార్చే పనే. విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. స్ప్రింగులు ఏ రంధ్రంలో ఉండేవో ఎంత తెలివైనవాళ్లకీ గుర్తుండదు.

## బ్యాటరీ మిషన్‌కి మారితే

కాలిఫోర్నియాలో 2024 మోడల్ సంవత్సరం నుంచి కొత్తగా వచ్చే ఎక్కువ రకాల చిన్న ఇంజన్ తోట పనిముట్లు పొగ వదలనివై ఉండాలన్న నియమం వచ్చింది. నియమం ఉన్నా లేకపోయినా, వసంతపు సర్వీసు తలనొప్పి దృష్టితో చూస్తే బ్యాటరీది ముందుంటుంది. పాత పెట్రోల్, ఆయిల్, ప్లగ్, ఫిల్టరు, కార్బ్యురేటర్ అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. బ్లేడు పని మాత్రం అలాగే ఉంటుంది, అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

కొనేటప్పుడు వోల్టులు చూసి మోసపోకండి. లాన్‌ని పూర్తిచేసేది వాట్-అవర్ లెక్క, అంటే బ్యాటరీలో ఎంత శక్తి నిల్వ ఉందన్నది. "40 వోల్టులు" అని రాసిన బ్యాటరీ నామమాత్రపు వోల్టేజీ చాలాసార్లు 36. అది 5 యాంపియర్-అవర్‌ల బ్యాటరీ అయితే 36 × 5 = 180 వాట్-అవర్లు. వేరే కంపెనీది ఎక్కువ వోల్టులున్నా యాంపియర్-అవర్లు తక్కువైతే నిల్వ అంతే ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు. వసంతంలో మొదటి కోత తడిగా, దట్టంగా ఉంటుంది కాబట్టి పెట్టెమీద రాసిన నిమిషాలు ఆ రోజు రావు. ఎండాకాలం పొడిగడ్డికి చాలే బ్యాటరీ అప్పుడు సగంలో దిగిపోవచ్చు.

చలికాలంలో బ్యాటరీని మిషన్ నుంచి తీసి, 40–60 శాతం చార్జ్‌తో, పొడిగా, చల్లగా ఉన్న చోట పెట్టాలి. గడ్డకట్టే చలిలో, అంటే 0 డిగ్రీల కన్నా తక్కువలో, లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు. షెడ్డులో చల్లబడి ఉన్నదాన్ని ఇంట్లోకి తెచ్చి వెచ్చబడ్డాకే చార్జర్‌కి పెట్టండి. కొన్నేళ్లకి బ్యాటరీ నిల్వ తగ్గుతుంది, అప్పుడు మొత్తం ఖరీదులో పెద్ద భాగం మళ్లీ పెట్టాలి. మీ దగ్గర ఇప్పటికే అదే కంపెనీ డ్రిల్లో కలుపు కోసే మిషనో ఉండి, వాటి బ్యాటరీ దీనికీ పనికొస్తే ఈ లెక్క తిరగబడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను: పాత మిషన్ జబ్బు పెట్రోల్‌దే అయితే ఈ సీజన్ మొదట్లోనే హడావిడిగా కొనకండి. దాన్ని నడిపించుకుని, తీరిగ్గా చూసి కొనండి.

## రీల్ మోవర్

ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ ఇంగ్లండ్‌లో 1830లో పేటెంట్ తీసుకున్న మొదటి లాన్‌మోవర్ ఈ జాతిదే. బట్టల మిల్లులో నేతపై నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. తిరిగే బ్లేడులు కింద కదలకుండా ఉండే బ్లేడుతో కలిసి కత్తెరలా గడ్డిని కోస్తాయి. కోత శుభ్రంగా ఉంటుంది, చప్పుడుండదు.

దీని వసంతపు సర్వీసు చిన్నది. కింది బ్లేడుకీ రీల్‌కీ మధ్య కాగితం పెట్టి నెమ్మదిగా తిప్పండి, పొడవునా ఎక్కడైనా తెగాలి. ఒకవైపు తెగి ఒకవైపు నలిగితే మరలతో సర్దాలి. అయినా తెగకపోతే సాన పేస్టు రాసి రీల్‌ని వెనక్కి తిప్పడం ఒక పద్ధతి. బేరింగులకి కాస్త ఆయిల్. అంతే.

కానీ దీన్ని ఊహించుకుని కొనేవాళ్లు, వాడుతూ ఉండేవాళ్లు ఒకరే కారు. వారం తప్పితే గడ్డి ఎత్తు పెరిగి దీని కింద వంగిపోతుంది, తెగదు. ఎగుడుదిగుడు నేల, పుల్లలు రాలే చెట్లు ఉన్నచోట వద్దు.

## ఎవరికి ఏది

చిన్న లాన్, వారం తప్పకుండా కోసే అలవాటు ఉంటే రీల్. చిన్న లాన్ ఉండి ఆ క్రమశిక్షణ లేకపోతే బ్యాటరీది. అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లలో మారిపోయేవాళ్లు ఉన్న మిషన్‌నే సగం-సగం పద్ధతిలో నడిపించుకోవడం తెలివి.

భుజం, మణికట్టు నొప్పులున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకి తాడు లాగడమే అసలు సమస్య, ఎంత బాగా సర్వీసు చేసినా తాడు తాడే. మీట నొక్కితే స్టార్ట్ అయ్యే బ్యాటరీ మిషన్‌కి పెట్టే ఖర్చు వాళ్ల విషయంలో అనవసరం కాదు.

పెద్ద లాన్, ఎక్కి తోలే మిషన్ ఉన్నవాళ్లకి పైవాటిలో చాలావరకు వర్తిస్తాయి, రెండు అదనం. చలికి దిగిపోయిన 12 వోల్టుల బ్యాటరీని మీటరుతో చూడండి: నిండు చార్జ్‌లో 12.6 వోల్టులు చూపాలి, 12.4 కన్నా తక్కువుంటే చార్జ్ చేయండి. టైర్లలో గాలి రెండువైపులా సమానంగా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే డెక్ వాలిపోయి లాన్ మెట్లుమెట్లుగా కోసినట్టు వస్తుంది. బ్లేడు సర్దుబాటు మీద అనుమానపడేముందు గాలి కొలవండి.

మిషన్ సిద్ధమయ్యాక తొందరపడి లాన్ మీదికి వెళ్లకండి. చలిప్రాంతపు గడ్డి రకాలు నేల సుమారు 10 డిగ్రీలకి వెచ్చబడ్డాకే పెరగడం మొదలుపెడతాయి. బెర్ముడా, జోయ్‌సియా లాంటి వేడిప్రాంతపు రకాలకి ఇంకా వెచ్చదనం కావాలి. నేల బురదగా ఉండగా చక్రాలు దిగబడితే ఆ గాళ్లు ఏడాదంతా ఉంటాయి. మొదటి కోతకి మిషన్ ఎత్తుని ఎక్కువ మెట్టులో పెట్టి, గడ్డి పొడవులో మూడో వంతుకి మించి తీయకండి. మీకు కావాల్సిన పొట్టితనం మూడో కోతకో నాలుగో కోతకో వస్తుంది.